నాయనమ్మ నోరు చూసిన చలికాలం

మొన్న ఇక్కడ కలకత్తాలో మనవరాలిని పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. మా అమ్మాయికి సాల్ట్ లేక్‌లో ఉద్యోగం, సెలవు దొరకదు. అల్లుడు ఊళ్ళో లేడు. ఇలాంటి పనులు చివరికి అమ్మమ్మ నెత్తినే పడతాయి. భవానీపూర్‌లో మెట్రో దిగిన దగ్గర్నుంచీ పిల్ల “సూది వేస్తారా, వెయ్యరా” అని నా ప్రాణం తోడేస్తుంటే, “వెయ్యరే తల్లీ” అని అబద్ధం చెబుతూ లాక్కుపోయాను.

డాక్టరమ్మ చిన్నపిల్ల. మా అమ్మాయి కంటే నాలుగైదేళ్ళు చిన్నదే అయి ఉంటుంది. పిల్లని కుర్చీలో పడుకోబెట్టి, దీపం మొహం మీదికి దించి, “హా కొరో శోనా” అంది. పిల్ల నోరు తెరిచింది. డాక్టరమ్మ సన్నటి కొక్కెంతో పంటి మొదట్లో గీకి, కొసకి అంటుకున్న పచ్చటి పాచి నాకు చూపించింది.

“చూశారా మాషీమా, అసలు దొంగ ఇదే. ఇది పేరుకుంటే దీని కింద పన్ను గుల్లవుతుంది. మీరు ఇంట్లోనే ఆపుకోవచ్చు. పొద్దున్న ఎలా తోమినా, రాత్రి పడుకునేముందు మాత్రం తప్పకుండా తోమించండి. తీపి తింటే వెంటనే నీళ్ళతో పుక్కిలించమనండి. పళ్ళకి అతుక్కునే బిస్కెట్లు ఇంట్లో ఉంచకండి.”

నాకు నవ్వొచ్చింది. ఆ మాటలన్నీ నేను ఎప్పుడో విన్నవే, ఇంత మర్యాదగా కాదుగాని. “మా చిన్నప్పుడు వేపపుల్లా, ఉప్పూ, పిడకల బూడిదా ఉండేవి” అన్నాను. ఆ అమ్మాయి బూడిద అనగానే చెవులు మూసుకుంది. బూడిదతో, ఉప్పు రాళ్ళతో రుద్దితే పన్ను మీది పూత అరిగిపోతుందట. వేపపుల్ల మెల్లగా వాడితే తప్పులేదట. ఇవన్నీ ఎవరు నేర్పారని అడిగింది.

“మా నాయనమ్మ.”

“ఆవిడ పళ్ళు బాగుండేవా?”

“చివరిదాకా ఒక్కటి కూడా పుచ్చలేదు” అన్నాను. డాక్టరమ్మ సంతోషించింది. మిగతాది నేను చెప్పలేదు. చెప్పకపోవడం నాకు చిన్నప్పుడే అలవాటైంది. ఇంటికొచ్చి నాలుగు రోజులైనా మనసు కుదుటపడక ఇదిగో ఇలా రాస్తున్నాను.

అప్పుడు నాకు తొమ్మిదో పదో ఉంటాయి. మా నాన్నది కార్పొరేషన్‌లో రోడ్లు కడిగే పని. తెల్లారుతుండగా భుజం మీద కాన్వాసు గొట్టం వేసుకుని వెళ్ళి, ఫుట్‌పాత్ పక్కనుండే గంగనీళ్ళ పైపుకి తగిలించి, బళ్ళు తిరగకముందే వీధులు కడిగేసేవాడు. ఇంటికొచ్చేసరికి పంట్లాం మోకాళ్ళదాకా తడిసి, గంగ బురద వాసన వేసేది. అమ్మ అప్పటికే రెండిళ్ళలో అంట్లు తోమడానికి వెళ్ళిపోయేది. కాబట్టి పొద్దున్న పూట నేను పూర్తిగా నాయనమ్మ చేతికి చిక్కేదాన్ని. వీధుల్ని కొడుకు కడిగితే, వీధిలో పిల్లల నోళ్ళు తల్లి కడిగించేది.

మా క్వార్టర్లు రెండు వరసల ఇళ్ళు, మధ్యలో ఒక కుళాయి. అందరూ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళే. గోడకి అవతల అంతా బెంగాలీ, ఇవతల మా “ఏటి”, మా “నేదు”. చలికాలం పొద్దున్నపూట ప్రతి గుమ్మం ముందూ బొగ్గు కుంపటి రాజుకుంటూ ఉండేది. కళ్ళు మండే ఆ పొగా, ఒంటికి రాసుకున్న ఆవనూనె ఘాటూ, నాన్న కడిగిన రోడ్డు తడి వాసనా, నాయనమ్మ చుట్ట కంపూ, నాలుగూ కలిస్తేనే నాకు తెల్లారినట్టు. ఇప్పుడు ఆ క్వార్టర్లు లేవు. అక్కడ ఆరంతస్తుల మేడ లేచింది, కింద మందుల దుకాణం ఉంది. అందులో పళ్ళపొడులు నలభై రకాలున్నాయి, నేను వెళ్ళి చూశాను కూడా.

కుళాయి దగ్గర నాయనమ్మ పీట వేసుకుని కూర్చునేది. సందు చివర ఒక బిహారీ ముసలమ్మ గోనె పరుచుకుని వేపపుల్లల కట్టలు అమ్మేది. ఆవిడకీ మా నాయనమ్మకీ ఒకరి భాష ఒకరికి రాదు. అయినా పుల్ల లేతదా ముదురుదా అని రోజూ అరగంట పోట్లాడుకునేవారు. తెచ్చిన పుల్లని కొస కుంచెలా మెత్తబడేదాకా నమలాలి. చిగురు మీద నుంచి పంటి కొస వైపుకి తొయ్యాలి గాని, అడ్డంగా బరబరా రుద్దితే వీపు మీద ఒకటి పడేది. తర్వాత అదే పుల్లని నిలువునా చీల్చి నాలుక గీసుకోవాలి. ఆదివారం మాత్రం మెత్తగా నూరిన ఉప్పులో నాలుగు చుక్కల ఆవనూనె, చిటికెడు పసుపు కలిపి, వేలితో చిగుళ్ళు పామించేది. నోరు మండి కళ్ళలో నీళ్ళు తిరిగేవి.

అంతా అయ్యాక అసలు పరీక్ష. నాయనమ్మ తడి బొటనవేలు నా ముందు పళ్ళ మీద పెట్టి లాగేది. పన్ను కిర్రుమనాలి. కిర్రుమంటే నోరు శుభ్రం. జారిందంటే ఇంకా గార ఉన్నట్టు, మళ్ళీ మొదటికి రావాలి. పన్ను కిర్రుమనందే చద్దన్నం లేదు, టీ లేదు, తండ్రి వచ్చి బతిమాలినా లేదు.

“గార ఉన్నాదే గుంటా. గోరుకి తగుల్తోంది సూడు. ఇలాగే ఒగ్గీసినావంటే పురుగు గూడు కట్టీసుద్ది.”

“నేనేటీ తిననేదు నాయనమ్మా!”

“నిన్న రాత్రి ఎంగిలి నోటితోటి తొంగున్నావు. నానెరగనేటి? పురుగుకి నువ్వే ఇందు బోజనం పెట్టీసి, ఇప్పుడు తిననేదంటావా?”

భోజనం తర్వాత పుక్కిలించడం, పళ్ళెంలో చివర ఒక పచ్చికొబ్బరి ముక్క నమలడం, తీపి అన్నదాన్ని కంటితో చూడకపోవడం: ఇవీ ఆవిడ చట్టాలు. కలకత్తాలో పుట్టిన పిల్లని తీపి తినకుండా పెంచడమంటే చేపపిల్లని ఒడ్డున పెంచినట్టే. సందు మలుపులో మిఠాయి దుకాణం ముందు నుంచి బడికి వెళ్ళేటప్పుడు నేను ముక్కుతోనే రసగుల్లాలు తినేదాన్ని.

కానీ ఆవిడ మాటకి విలువుండేది. క్వార్టర్ల ఆడవాళ్ళు చంటిపిల్లల్ని ఎత్తుకొచ్చి నోరు చూపించేవారు. గోడ అవతలి బెంగాలీలకి కూడా తెలిసిపోయింది. ఒకసారి మా బడి దిదిమొని, అంటే పంతులమ్మ, చెంప బూరెలా వాచి, మూతికి శాలువా చుట్టుకుని వచ్చింది. నాయనమ్మ వేడి ఉప్పునీళ్ళు పుక్కిలింపించి, దంచిన లవంగం పంటి సందులో పెట్టి, “డాక్టరు కాడికి ఎల్లమను, ఇది నా సేతిలో నేదు” అని నాచేత చెప్పించింది. అంత తెలివి ఆవిడకి ఇతరుల నోటి విషయంలో ఉండేది. అప్పట్నుంచీ దిదిమొని ఆవిడని “దాంతేర్ బురి” అనేది. పళ్ళ ముసలమ్మ అని అర్థం చెబితే నాయనమ్మ రెండు రోజులు గర్వంగా తిరిగింది.

ఇక ఆవిడ చుట్ట సంగతి. మా వైపు తీరపు ఊళ్ళలో ఆడవాళ్ళు అడ్డపొగ తాగేవారు. అంటే చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుని, పెదాలు బిగించి పీల్చడం. వరినాట్లలో ఉన్నా, చేపలు ఏరుతున్నా చేతులు ఖాళీగా ఉంటాయి, గాలికీ వానకీ నిప్పు ఆరదు, చంకలో పిల్ల మీద నుసి పడదు. అలా మొదలైందంటారు. నాయనమ్మకి తన పన్నెండో ఏట నుంచీ అలవాటు. ఊరి నుంచి ఎవరు రైలు దిగినా ముందు పొగాకు కట్ట ఆవిడ చేతిలో పెట్టేవారు. గోడ అవతలి పిల్లలు గుంపుగా వచ్చి, “నిప్పు తినే ముసలమ్మ” అని నోళ్ళు వెళ్ళబెట్టి చూసేవారు. నేను టిక్కెట్టు పెట్టినంత దర్జాగా పక్కన నిలబడేదాన్ని.

తన పళ్ళు గట్టిగా ఉండడానికి కారణం అదేనని ఆవిడ నమ్మకం. “నోట్లో నిప్పుంటే పురుగుకి సోటెక్కడే? వేపపుల్ల బైట ఊడుస్తాది, సుట్ట లోపల కాలుస్తాది” అనేది. ఎవరూ కాదనలేదు. కాదనడానికి ఆవిడ నోట్లో ఒక్క పుచ్చుపన్నయినా ఉండాలి కదా.

రోజూ నా నోరు ఆవిడ చూడడమే గాని, ఆవిడ నోరు ఎవరూ చూడరని నేనొకసారి పేచీ పెట్టాను. “సూసుకోయే, నాకేటి బయ్యం?” అని నోరు తెరిచింది. అప్పట్నుంచీ అదొక ఆచారమైపోయింది. నా పరీక్ష కాగానే నాయనమ్మ పీట మీద నుంచే మొహం పైకెత్తి నోరు తెరిచేది, నేను రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని లోపల తనిఖీ చేసేదాన్ని. ఒక్కోసారి కావాలనే “వెనక పన్నుకి గార ఉంది” అనేదాన్ని. పాపం మళ్ళీ పుల్ల తీసుకుని రుద్దుకునేది. నేను గోడ చాటుకి పోయి పడీ పడీ నవ్వేదాన్ని.

దుర్గాపూజలు అయిపోయి చలి మొదలయ్యే రోజుల్లో ఒక పొద్దున్న, ఆవిడ అంగిట్లో తెల్లగా ఏదో కనబడింది. గోడ మీద సున్నం పెచ్చులా ఉంది. ఆ తెలుపు మధ్యలో ఎర్రగా, బియ్యపు గింజంత పుండు ఉంది.

“నాయనమ్మా, పైన ఏటో ఉంది.”

“మల్లీ ఏలాకోలమా?”

“ఒట్టు. అంగిట్లో. పుండులాగుంది.”

నాలుకతో తడుముకుంది. “సుట్ట కాక తగిలుంటాది. మాయమ్మకీ తెల్లగుండీది. నొప్పేటీ నేదు” అంది. ఆ ఆదివారం ఉప్పూ పసుపూ అక్కడ కూడా రాసుకుంది. వారం తిరిగాక లవంగం నూరి పెట్టుకుంది. పుండు శనగ గింజంత అయింది. చుట్టూ అంచు లేచింది.

అమ్మకి చెబుదామన్నాను. నాయనమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఎప్పుడూ కొట్టడానికే తప్ప ఆవిడ నా చెయ్యి అలా పట్టుకోలేదు.

“ఎవులికీ సెప్పకే. మీ బాబుకి తెలిసిందంటే ఆసుపత్రికి లాక్కెల్తాడు. పక్కింటి ముసిల్ది ఎల్లింది, మల్లీ వొచ్చినాదేటి? పళ్ళ ముసిల్దాని నోరే పాడైపోనాదని ఊరంతా నవ్వరేటి? ఇది నా సేతితోటే తగ్గిపోద్ది. నువ్వు రోజూ సూసి సెప్పు, అంతే.”

నాకు గొప్పగా అనిపించింది. ఇంట్లో పెద్దవాళ్ళెవరికీ తెలియని విషయం నాకొక్కదానికే తెలుసు. ఆ సాయంత్రం నాయనమ్మ నన్ను సందు మలుపులో దుకాణానికి తీసుకెళ్ళి, కొత్త ఖర్జూర బెల్లంతో చేసిన సందేశ్ ఒకటి ఆకు దొన్నెలో పెట్టించి ఇచ్చింది. నొలెన్ గుర్ సందేశ్. చలికాలంలోనే వస్తుంది. నోట్లో వేసుకోగానే కరిగిపోయింది, పొగ తగిలిన బెల్లం వాసన ముక్కులోంచి తలకెక్కింది. తీపి ముట్టుకోనివ్వని మనిషి, నేను తింటుంటే అటు తిరిగి నిలబడింది.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే అడిగేది. “ఎలాగున్నాదే? నిన్నటికన్నా తగ్గినాదా?”

మొదట్లో నిజమే చెప్పాను. “అలాగే ఉంది” అంటే ఆవిడ మొహం వాడిపోయేది. “కొంచెం పెద్దదైంది” అన్న రోజు అన్నం ముద్ద కూడా మింగలేదు, సందేశ్ మాట అసలే ఎత్తలేదు. ఒకరోజు ఏ బుద్ధి పుట్టిందో, “తగ్గింది నాయనమ్మా” అన్నాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. సాయంత్రం సందేశ్ దొరికింది. ఇంక నాకు దారి తెలిసిపోయింది. ఆ చలికాలమంతా ఆ పుండు పెరుగుతూనే ఉంది, నేను తగ్గింది తగ్గింది అంటూనే ఉన్నాను. దాన్ని నేను చూడలేదని చెప్పుకోడానికి కూడా లేదు. ఆవిడ నోట్లో దాన్ని చూసినదాన్ని ఈ ప్రపంచంలో నేనొక్కదాన్నే.

సందేశ్ తిన్న సాయంత్రాల్లో నాయనమ్మ పుక్కిలించమని గుర్తుచేసేది కాదు. నేను పుక్కిలించేదాన్నీ కాదు. ఆ రుచి పడుకునేదాకా నోట్లో ఉండాలని నా ఆశ. పొద్దున్న పరీక్షలో కూడా ఆవిడ బొటనవేలు పరాకుగా తిరిగేది, నా పన్ను కిర్రుమందో లేదో పట్టించుకునేది కాదు.

కలకత్తాలో మాఘమాసంలో వచ్చే సరస్వతి పూజ అయ్యేదాకా పిల్లలు రేగిపళ్ళు తినకూడదు, తింటే చదువు రాదు. ఆ ఏడు పూజ అయిన మధ్యాహ్నమే గుప్పెడు రేగిపళ్ళు నోట్లో వేసుకుని కొరికాను. కుడివైపు దవడ పన్నులోంచి తలలోకి మెరుపు కొట్టినట్టయింది. నేల మీద పడి దొర్లాను. అమ్మ దీపం దగ్గర నా నోరు తెరిచి చూసి నిర్ఘాంతపోయింది. పన్ను మధ్యలో నల్లటి గొయ్యి. పళ్ళ ముసలమ్మ మనవరాలికి పుచ్చుపన్ను!

నాయనమ్మ లవంగం నూరడానికి లేచింది. మర్నాడు అమ్మ పని మానుకుని నన్ను పళ్ళ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. నెరిసిన మీసాల పెద్ద డాక్టరు, కళ్ళజోడు మీద నుంచి చూసి, “మిఠాయిలు బాగా తింటావా?” అని బెంగాలీలో అడిగాడు.

“నేదు బాబూ, తిననేదు. మా అత్త తీపి తిననివ్వదు” అని అమ్మ వచ్చీరాని బెంగాలీలో నాకు సాక్ష్యం చెప్పింది. డాక్టరు పట్టకారు చేతిలోకి తీసుకున్నాడు. ఆ పట్టకారు చూసి నాకు ఏడుపు తన్నుకొచ్చింది. తిన్నాను, రోజూ తిన్నాను, నాయనమ్మే ఇప్పించింది, ఆవిడ అంగిట్లో పుండుంది, చెప్పొద్దంది అని ఒక్క గుక్కలో కక్కేశాను. నాయనమ్మ మీద జాలితో చెప్పానని రాసుకోవాలని ఉంది. కాదు. నా పన్ను పీకుతారన్న భయంతో చెప్పాను.

డాక్టరు పట్టకారు కింద పెట్టేశాడు. “ఎన్నాళ్ళయింది? ఎంతుంది?” అని అడిగాడు. నేను బొటనవేలి గోరు చూపించాను. ఆయన అమ్మ వైపు తిరిగి, “రేపే తీసుకురండి” అన్నాడు. నా పన్ను సంగతి ఆ రోజు ఎవరికీ గుర్తు లేదు.

నాన్న డ్యూటీ మానడం నేను మొదటిసారి అప్పుడే చూశాను. నాయనమ్మ ఉతికిన చీర కట్టుకుని, వేపపుల్లతో శుభ్రంగా పళ్ళు తోముకుని బయల్దేరింది. బెంగాలీలో చెప్పింది ఆవిడకి సరిగ్గా బోధపడదని నన్నూ వెంటబెట్టుకెళ్ళారు. కుర్చీలో మొహం పైకెత్తి నోరు తెరిచింది. ఆ పెద్ద డాక్టరు చిన్న డాక్టర్లని పిలిచి చూపించాడు. “చూడండి, వీళ్ళ వైపు తీరం ఆడవాళ్ళు నిప్పు లోపల పెట్టుకుని తాగుతారు. పళ్ళు చూడండి, ఈ వయసులో ఒక్కటి పుచ్చలేదు. అంగిలి చూడండి.” తర్వాత నాన్నని పక్కకి పిలిచి మెల్లగా చెప్పాడు. ముక్క కోసి పరీక్షకి పంపాలి గాని, అది క్యాన్సరేనని తనకి అనుమానం లేదన్నాడు. పూజలప్పుడు తెచ్చి ఉంటే కోసి తీసేసేవాళ్ళమన్నాడు. ఇప్పుడు ఎముకలోకి దిగిందన్నాడు.

నాకు ప్రతి మాటా అర్థమైంది.

“ఏటంటన్నాడే ఆ డాట్రు?” అని నాయనమ్మ నన్ను అడిగింది.

“నీ పళ్ళు చాలా బాగున్నాయంటన్నాడు. ఒక్కటీ పుచ్చనేదట” అన్నాను.

ఆవిడ నవ్వింది. ఆ నవ్వు చూసి నాన్న గోడ వైపు తిరిగిపోయాడు. ఇంటికొచ్చాక పొగాకు కట్టలన్నీ చూరులోంచి లాగి, చేత్తో నలిపి నలిపి కాలవలో పారేశాడు. అంతా అయ్యాక గుమ్మంలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నన్ను ఒక్క దెబ్బ కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేదని ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు అనుకున్నానో.

ఆసుపత్రిలో మందులిచ్చారు, మంట పెట్టే వైద్యమేదో కొన్నాళ్ళు చేశారు. చలి పోయింది, మామిడికాయలొచ్చాయి. నాయనమ్మకి గంజి తప్ప దిగేది కాదు. నీళ్ళు తాగితే ముక్కులోంచి వచ్చేవి. ముత్యాల్లాంటి పళ్ళు వరసగా అలాగే ఉన్నాయి, నమలడానికి మాత్రం ఏమీ లేదు. పొద్దున్నే నేనే మెత్తటి గుడ్డ ఉప్పునీళ్ళలో ముంచి ఆవిడ పళ్ళు తుడిచేదాన్ని. మంచం మీద నుంచే నా పళ్ళ మీద వేలు పెట్టి లాగేది. నా పుచ్చుపన్ను అప్పటికే పీకించేశారు. ఆ ఖాళీ దగ్గర ఆవిడ వేలు ఆగిపోయేది.

నన్ను తిట్టలేదు గాని, ఆ ఆసుపత్రి రోజు తర్వాత ఆవిడ నాకు నోరు తెరిచి చూపించడం మానేసింది. గుడ్డతో తుడిచేటప్పుడు కూడా పెదాలు కొంచెమే విప్పేది. చెప్పొద్దన్నది చెప్పేశానని కోపం వచ్చిందనుకున్నాను. తొలి వాన పడ్డ ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. మంచం పక్కన కూర్చుని ఇంక ఆపుకోలేక అడిగేశాను.

“నాయనమ్మా, నామీద కోపమా? సెప్పీసినానని?”

తల అడ్డంగా ఆడించింది. అప్పటికే మాట ముక్కుతో వచ్చేది, చెవి దగ్గర పెడితే గాని తెలిసేది కాదు.

“మరైతే ముందు సెప్పనేదని కోపమా? తగ్గింది తగ్గింది అని అబద్ధం ఆడినాను. రోజూ పెద్దదవుతుంటే సూస్తూనే ఆడినాను.”

నాయనమ్మ నా తల దగ్గరికి లాక్కుని చెవిలో చెప్పింది.

“నా నోట్లో నా నాలిక నేదేటే? అది ఎంతయినాదో నాకు తెల్దేటి? నాకు తెలిసే అడిగీదాన్ని. నువ్వు తగ్గింది అంటావు గదా. ఆ మాట ఇందామనే తెరిసీదాన్ని.”

వానలు పూర్తిగా పట్టకముందే పోయింది.

ఆ మాట నన్ను ఊరుకోబెట్టడానికి అందని చాలా ఏళ్ళు అనుకున్నాను. పిల్ల మీద తప్పు మిగలకూడదని అలా చెప్పి వెళ్ళిపోయిందని, ఎంత దొడ్డ మనసో అని ఏడ్చుకున్నాను. ఇప్పుడు నాకు ఆవిడ వయసు దాటింది. మొన్న మనవరాలి పక్కన నిలబడి ఆ దీపం వెలుతుర్లో చూస్తుంటే, ఆ మాటకి అసలు అర్థం తెలిసింది. ఆవిడకి భయం వేసింది. పూజల నుంచి సరస్వతి పూజ దాకా, ప్రతి పొద్దున్నా భయం వేసింది. కొడుకుతో చెప్పుకోలేదు, కోడలితో చెప్పుకోలేదు. చావు తన నోట్లో పెరుగుతోందని తెలిసిన మనిషి, పీట మీద కూర్చుని, పదేళ్ళ పిల్ల ముందు మొహం పైకెత్తి, ఒక్క మంచిమాట కోసం నోరు తెరుచుకుని ఎదురుచూసింది. నేను లోపలికి తొంగి చూసి, సాయంత్రం దొరకబోయే తీపి తలుచుకుంటూ, ఆ మాట అనేసి బడికి పరిగెత్తాను.